బ్యాడ్జి ఎవరి గుర్తు?

(సభ్యత్వ నమోదుకు ముందు గ్రామ కమిటీ బాధ్యులకు జరిగిన జిల్లా శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ బల్ల మీదున్న అట్టపెట్టెలో ఈ ఏడాది సభ్యత్వ బ్యాడ్జీలు ఉన్నాయి. పొద్దుటి నుంచి చాలామంది మూత తీసి చూశారు. ఒకరిద్దరు పెట్టుకుని ఫొటో కూడా దిగారు. తప్పేమీ లేదు. అయితే పెట్టె విప్పి పంచే ముందు బ్యాడ్జి గురించే కాసేపు మాట్లాడుకోవాలని జిల్లా కమిటీ అనుకుంది. గిట్టుబాటు ధర లేదు, కాలువ చివరి భూములకు నీళ్లు రావు, యూరియాకు అగచాట్లు. ఇన్ని ఉండగా బ్యాడ్జి మీద ప్రసంగమా అని మీకు అనిపించవచ్చు. మాకూ మొదట అలాగే అనిపించింది. రెండు సంగతులు జరగకపోతే ఈ అంశం ఎజెండాలోకి వచ్చేదే కాదు.

మొదటిది కిందటి జిల్లా మహాసభలో జరిగింది. ప్రతినిధులకు ఆకుపచ్చ రిబ్బను బ్యాడ్జి, పరిశీలకులకు పసుపుది, వాలంటీర్లకు తెల్లది ఇచ్చాం. వేదిక మీద కూర్చునే వాళ్లకు పువ్వులా కుట్టిన పెద్దది. గేటు దగ్గర మన కుర్రాళ్లను నిలబెట్టి, బ్యాడ్జి లేనివాళ్లను లోపలికి పంపవద్దని చెప్పాం. వాళ్లు చెప్పింది చెప్పినట్టు చేశారు. చుట్టుపక్కల మూడు ఊళ్లు తిరిగి మహాసభ భోజనాలకు బియ్యం, కందిపప్పు, కూరగాయలు పోగుచేసిన ఒక అక్క ఉంది. మూడెకరాలు కౌలుకు చేస్తుంది. ఆమె గేటు దాకా వచ్చింది. ఛాతీ మీద బ్యాడ్జి లేదు. కుర్రాడు ఆపేశాడు. ఆమె గొడవ పెట్టుకోలేదు. వంటల షామియానా దగ్గరకు పోయి, మధ్యాహ్నం దాకా అక్కడే విస్తళ్లు అందించి, బస్సెక్కి వెళ్లిపోయింది. లోపల మేం మహిళా రైతుల సమస్యల మీద తీర్మానం చదువుతున్నాం.

ఆమెకు బ్యాడ్జి ఎందుకు లేదో తర్వాత విచారించాం. బ్యాడ్జి మాట అలా ఉంచండి, ఆమెకు సభ్యత్వమే లేదు. ఆ ఊరి కార్యదర్శి పని తేలికవుతుందని పట్టాదారు పాసు పుస్తకాలున్న వాళ్ల జాబితా తెచ్చుకుని, దాని ప్రకారం సభ్యత్వం రాశాడు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. మన జిల్లాలో సగం ఊళ్లలో జరిగింది అదే. రైతు సంఘంలో రైతు ఎవరో రెవెన్యూ కచేరీ జాబితా చెబుతోందన్నమాట.

రెండో సంగతి ఒక మండల కమిటీ నుంచి వచ్చిన ఉత్తరం. అధ్యక్ష, కార్యదర్శులకు హోదా తెలిసేలా కొంచెం పెద్ద బ్యాడ్జి, దాని మీద పదవి పేరు అచ్చు వేయించి ఇవ్వాలని అడిగారు. ఆఫీసులకు వెళితే మమ్మల్ని గుర్తించడం లేదు, మామూలు సభ్యుడికీ మాకూ తేడా ఏముంది అని రాశారు. అడిగిన వాళ్లు చెడ్డవాళ్లు కాదు, బాగా పనిచేసే కమిటీయే. అందుకే ఊరికే కాదనకుండా మూడు సమావేశాల్లో దీన్ని చర్చించాం. ఆ చర్చలో వచ్చిన మాటలే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాం.

మన తాతలకు బ్యాడ్జి అన్న మాట తెలియదు. బిళ్ల అనేవారు. కలెక్టరు కచేరీ జవాను భుజం మీదుగా అడ్డంగా వేసుకునే పట్టీని డవాలా అనేవారు. దానికి ఇత్తడి బిళ్ల ఉండేది. బిళ్ల బంట్రోతు, డవాలా బంట్రోతు అన్న మాటలు అలా వచ్చినవే. చప్రాసీ అనే మాటా అంతే. చప్రాస్ అంటే ఆ ఇత్తడి బిళ్ల, అది పెట్టుకున్నవాడు చప్రాసీ. శిస్తు బకాయి ఉన్న ఊళ్లోకి బిళ్ల బంట్రోతు దిగాడంటే అరుగుల మీద కూర్చున్న వాళ్లు లేచి నిలబడేవారని, కోళ్లను గంపల కింద దాచుకునేవారని పెద్దల నోట విన్నాం.

ఇక్కడ ఒకటి గమనించండి. ఊరంతా భయపడే ఆ బిళ్ల కలెక్టరు ఒంటి మీద లేదు. తహసీల్దారుకూ లేదు. ఆ కచేరీలో అందరికంటే తక్కువ జీతం ఉన్న మనిషికి ఉంది. ఎందుకంటే అతనెవరో చెప్పడానికి ఆ బిళ్ల పెట్టలేదు, అతను ఎవరి మనిషో చెప్పడానికి పెట్టారు. అతని పేరు ఎవరికీ అక్కర్లేదు. బిళ్ల తీసేసి సాయంత్రం ఇంటికి పోతే అతనూ మనలాగే అప్పులున్న మనిషి. హోదాకు గుర్తు అని మనం అనుకునేవి చాలావరకు ఇలాంటివే. అసలు అధికారం ఉన్నవాడికి బిళ్లతో పని ఉండదు. ఊళ్లో పెద్ద భూస్వామి ఎన్నడైనా బ్యాడ్జి పెట్టుకున్నాడా?

బిళ్లను వేరే రకంగా వాడిన చరిత్ర కూడా మన తెలుగువాళ్లకు ఉంది. 1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాకు బయలుదేరింది. చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద మనుషులను తీసుకుపోయిన ఓడ అది. నవంబరు 16న డర్బన్‌లో 342 మంది దిగారు. వాళ్లలో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. కరువుకు, అప్పుకు ఊరు విడిచిన రైతులు, రైతు కూలీలు ఆ తర్వాత యాభై ఏళ్ల పాటు ఓడలెక్కుతూనే ఉన్నారు. ఇలా విదేశాలకు పోయే వాళ్లకు రేవు దగ్గరి డిపోల్లో నంబరు కొట్టిన రేకు బిళ్ల ఇచ్చేవారు. మెడలోనో చేతికో కట్టుకోవాలి. నాటాల్‌లో దిగాక ప్రతి మనిషికీ రిజిస్టరులో ఒక నంబరు. తండ్రి పేరు, కులం, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు అన్నీ ఆ నంబరు కింద రాసేవారు. సంతలో పశువును కొన్నప్పుడు ఏమేం చూస్తామో అవన్నీ రాశారు. చిత్రమేమిటంటే ఇవాళ అక్కడి తెలుగు కుటుంబాలు తాతల ఊరు ఏదో వెతుక్కోవడానికి ఆ నంబరునే ఆధారం చేసుకుంటున్నాయి. మనిషిని సరుకు చేసిన గుర్తే మనుమలకు ఇంటిదారి చూపించే గుర్తయింది.

పేదవాడికి గుర్తు తగిలించడం ఇంకా పాత పని. ఇంగ్లండులో 1697లో చట్టం చేశారు. ఊరి సాయం తీసుకునే పేదలు కుడి భుజం మీద ఎర్ర గుడ్డతోనో నీలం గుడ్డతోనో ‘పి’ అనే అక్షరం, దాని పక్కన ఊరి పేరులోని మొదటి అక్షరం కుట్టుకుని తిరగాలి. 1810 వరకు ఆ చట్టం ఉంది. అది ఎప్పటిదో, ఎక్కడిదో అనుకోకండి. 2017లో రాజస్థాన్‌లోని దౌసా జిల్లాలో రేషను తీసుకునే వాళ్ల ఇళ్ల గోడల మీద ‘నేను పేదవాణ్ణి, ఆహార భద్రత కింద రేషను తీసుకుంటున్నాను’ అని అధికారులే రంగుతో రాయించారు. మన దగ్గర బ్యాంకు బాకీ కట్టని రైతుల పేర్లు నోటీసు బోర్డుకు అంటించడం, పొలంలో జెండా పాతడం మీలో కొందరు చూసే ఉంటారు. కోట్లు ఎగ్గొట్టిన వాళ్ల మేడ ముందు ఎవరైనా జెండా పాతడం చూశామా?

ఇవి పైవాళ్లు తగిలించిన గుర్తులు. ఇక మనం మనకై ఎత్తుకున్న గుర్తు ఒకటుంది. తువ్వాలు.

రైతుకు తువ్వాలు అలంకారం కాదు. చెమట తుడుచుకోవడానికి, తలపాగా చుట్టుకోవడానికి, అన్నం మూట కట్టుకోవడానికి, గట్టు మీద కాసేపు నడుం వాల్చడానికి. కానీ అది ఎక్కడ ఉండాలో నిర్ణయించే హక్కు రైతుకు లేని రోజులు పోయి ఎంతో కాలం కాలేదు. తెలంగాణ పల్లెల్లో దొర గడీ ముందు నుంచి పోతుంటే భుజం మీది తువ్వాలు తీసి నడుముకు కట్టుకోవాలి. చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి. మన కోస్తా వాళ్లం ఇది విని అదేదో నిజాం రాజ్యపు కథ అనుకోనక్కర్లేదు. దళితవాడ మనిషి పెద్దవీధిలోంచి చెప్పులతో నడిస్తే ఊరుకోని ఊళ్లు మన దగ్గరా ఉండేవి. ఆ గడీల ముందు సంఘం పుట్టింది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ తర్వాత నడిచిన పోరాటంలో భూమి కోసం, వెట్టి రద్దు కోసం ఎంత కొట్లాడారో, దొర ముందు భుజం మీద తువ్వాలుతో నిలబడటం కోసమూ అంత కొట్లాడారు. అప్పుడు ఎవరి దగ్గరా అచ్చేసిన బ్యాడ్జి లేదు. నడుముకున్న తువ్వాలు భుజం మీదికి రావడమే బ్యాడ్జి.

1980లలో కర్ణాటక రాజ్య రైతు సంఘం నంజుండస్వామి గారి నాయకత్వంలో ఆకుపచ్చ శాలువాను గుర్తుగా తీసుకుంది. ఆ శాలువా వేసుకున్న రైతు కచేరీలో అడుగుపెడితే అధికారి మాట్లాడే తీరు మారేదని అక్కడివాళ్లు చెబుతారు. ఢిల్లీ సరిహద్దుల్లో 2020 నవంబరు 26న మొదలై ఏడాదికి పైగా సాగిన ఆందోళనలో ఒక్కో సంఘానిది ఒక్కో రంగు. పసుపు జెండా, ఆకుపచ్చ టోపీ, మన ఎర్ర జెండా అన్నీ ఒక్క చోట ఉన్నాయి. 2021 మార్చి 8న వేలాది మంది ఆడవాళ్లు ఆవపూల రంగు చున్నీలు వేసుకుని వచ్చారు. రైతు లేకపోతే తిండి లేదని రాసిన బ్యాడ్జీలు, స్టిక్కర్లు రైతులు కాని వాళ్లు కూడా పెట్టుకున్నారు. ఆ బ్యాడ్జి అడిగిన వాళ్లకల్లా ఇచ్చారు. పాసు పుస్తకం చూపించమనలేదు.

గుర్తుకు ఇంకో ఉపయోగం కూడా ఉంది, తిరిగి ఇచ్చేయడం. 1911లో ఢిల్లీ దర్బారు జరిగినప్పుడు తెల్లదొరలు రావు సాహెబు, రావు బహదూరు, దివాన్ బహదూరు బిరుదులకు మెడలో వేసుకునే బిళ్లలు పెట్టారు. మన జిల్లాల్లోనూ వాటి కోసం కలెక్టరు బంగళా చుట్టూ తిరిగిన పెద్దమనుషులు తక్కువేమీ కాదు. 1920 ఆగస్టులో గాంధీజీ తనకిచ్చిన కైజర్-ఇ-హింద్ పతకాన్ని, దక్షిణాఫ్రికాలో వచ్చిన రెండు యుద్ధ పతకాలను వైస్రాయికి తిప్పి పంపేశారు. నూరేళ్ల తర్వాత, 2020 డిసెంబరులో పంజాబ్ మాజీ ముఖ్యమంత్రి ప్రకాశ్ సింగ్ బాదల్ రైతుల పక్షాన పద్మవిభూషణ్ వెనక్కి ఇచ్చారు. ఆ పార్టీ రాజకీయాలతో మనకు ఏకీభావం లేదు. ఆయన పార్టీ మంత్రి ఆ ప్రభుత్వంలో కొన్ని నెలల ముందు దాకా ఉన్న సంగతీ మర్చిపోలేదు. అయినా ఆ పని రైతులకు బలం ఇచ్చిందని ఒప్పుకోవాలి.

బుగ్గ కార్ల సంగతి చూడండి. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద ఎర్రబుగ్గలు తీసేశారు. మంత్రిగారొస్తుంటే దారి ఆపడం మాత్రం ఆగలేదు. రైల్వే కూలీకి చేతికి ఇత్తడి బిళ్ల, దాని మీద నంబరు ఉంటుంది. ఆ బిళ్ల ఉంటేనే ప్లాట్‌ఫారం మీద మోత మోయనిస్తారు. 2016 రైల్వే బడ్జెట్టులో కూలీ అనవద్దు, సహాయక్ అనాలన్నారు. మంచి మాటే. నెత్తి మీద పెట్టె బరువు అంతే ఉంది.

ఇంత దూరం పోయి వచ్చింది అసలు విషయానికే. ఇవాళ రైతు అన్న గుర్తు ఏది? నాగలి కాదు, ట్రాక్టరు కాదు, చేతిలో కాయలు కావు. పాసు పుస్తకం. దాన్ని జేబుకు తగిలించుకోం గాని, అంతకు మించిన బ్యాడ్జి లేదు. 2025 ఖరీఫ్‌లో యూరియా కోసం రెండు రాష్ట్రాల్లో రైతులు పడిన పాట్లు మీకు తెలుసు. తెల్లవారుజామున వచ్చి, నిలబడే ఓపిక లేక, వరసలో తమ వంతుగా చెప్పులు పెట్టారు, పాసు పుస్తకాల జిరాక్సులు రాళ్ల కింద పెట్టారు. ఫొటోలు పేపర్లలో చూశాం. చెప్పులు ఎవరివైనా కావచ్చు. జిరాక్సు మాత్రం భూమి ఉన్నవాడిదే. ఆ భూమిని దున్నేవాడు వేరే ఉంటే, యజమానిని బతిమాలి జిరాక్సు తెచ్చుకోవాలి.

కౌలు రైతుకు గుర్తింపు ఇస్తామని చట్టాలు రెండు వచ్చాయి. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. దాని కింద రుణ అర్హత కార్డు ఏడాది పాటు చెల్లేది. ఎవరు సాగు చేస్తున్నారో ఊళ్లో విచారించి ఇవ్వాలన్నది అందులో ఉన్న మేలు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. ఆ కార్డు గడువు పదకొండు నెలలు. అది రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. మెలిక అంతా అక్కడే పడింది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. చట్టంలో అలా లేదని ఎంత చెప్పినా వినడు. అదీగాక అదే సర్వే నంబరు మీద అతను అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. ఎక్కువ చోట్ల కౌలు మాట నోటిమాటే. సంతకం అడిగితే వచ్చే ఏడాది పొలం ఇంకొకరికి పోతుంది. అందుకని కౌలు రైతు అడగడు.

కార్డు లేదు కాబట్టి ఈ-క్రాపులో యజమాని పేరు ఎక్కుతుంది. పంట మునిగితే పరిహారం ఆ పేరు మీదే పడుతుంది. ధాన్యం అమ్మితే డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్న తగాదా. ఆత్మహత్య చేసుకున్న కౌలు రైతు భార్య పరిహారం కోసం వెళితే మొదట అడిగేది ఆ కార్డే. బతికుండగా రైతు కాదన్నారు, చచ్చాకా రైతు కాదంటారు. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలుపెట్టినప్పుడు ఎకరానికి పంటకు నాలుగు వేలు పట్టాదారుకే ఇచ్చారు, కౌలుదారును లెక్కలోకే తీసుకోలేదు. ఇప్పుడు రైతుకు విశిష్ట సంఖ్య అంటున్నారు. అదీ భూమి రికార్డుకే ముడిపెట్టారు. నంబరు వచ్చినవాడు రైతు, రానివాడు కాదు అన్న చోటికే తిరిగి వస్తున్నాం.

స్వామినాథన్ గారి కమిషన్ తర్వాత కేంద్రం 2007లో జాతీయ రైతు విధానం ప్రకటించింది. అందులో రైతు అంటే సొంత భూమి ఉన్నవాడు ఒక్కడే కాదు. కౌలుదారు, పాలుకు చేసేవాడు, వ్యవసాయ కూలీ, పశువులు మేపుకునే వాళ్లు, చేపలు పట్టేవాళ్లు, తేనెటీగలు పెంచేవాళ్లు, అడవిలో పోడు చేసేవాళ్లు అందరూ రైతులే అని రాశారు. కాగితం మీద అంత మంచి నిర్వచనం ఇంతవరకు రాలేదు. ఆ నిర్వచనం ప్రకారం కార్డు ఇచ్చిన కచేరీ మాత్రం మన జిల్లాలో లేదు. ఈ 2026ను ఐక్యరాజ్యసమితి మహిళా రైతుల సంవత్సరం అంది. పోస్టర్లు వస్తాయి.

ఇంకో మాట, కొంచెం పక్కదారి. మన రాష్ట్రంలో పాసు పుస్తకాల మీద, చివరికి పొలం గట్టున పాతే సర్వే రాళ్ల మీద కూడా పాలకుడి బొమ్మ, పేరు వేసిన కాలం చూశాం. 2024లో ప్రభుత్వం మారాక వాటిని తీసేసి రాజముద్ర వేస్తామన్నారు. తీసేయడం మంచిదే. తాత ముత్తాతల నాటి పొలానికి ఎవరి బొమ్మ ఎందుకు? అయితే రాయి మీది బొమ్మ చెరిపినంత తేలిగ్గా ఆ రాళ్లు పాతేటప్పుడు వచ్చిన విస్తీర్ణం తేడాలు చెరిగిపోవు. అర్జీలు పట్టుకుని తిరుగుతున్న వాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు.

సరే, మన బ్యాడ్జి దగ్గరికి వద్దాం. రైతు అనే గుర్తును ప్రభుత్వం సగం మందికి ఇవ్వడం లేదని మనం ధర్నాలు చేస్తున్నాం. అదే జాబితా పట్టుకుని సభ్యత్వం రాసి, గేటు దగ్గర కౌలు రైతును ఆపాం. కలెక్టరేటు ముందు ఒక మాట, మన గేటు దగ్గర ఒక మాట అయింది. దీనికి సంజాయిషీ ఏమీ లేదు. జిల్లా కమిటీగా మేం ఆ తప్పు ఒప్పుకుంటున్నాం.

పెద్ద బ్యాడ్జీ అడిగిన మిత్రులకు మాకు జరిగిన అనుభవం ఒకటి చెబుతాం. ఒక కౌలు రైతుకు పంట రుణం ఇవ్వడం లేదని మేం ఇద్దరం అతన్ని వెంటబెట్టుకుని ఒక బ్యాంకుకు వెళ్లాం. బ్యాడ్జీలు పెట్టుకునే వెళ్లాం. మేనేజరు మర్యాదస్తుడే. లేచి నమస్కారం పెట్టి, మా ఇద్దరికీ కుర్చీలు చూపించి, టీ తెప్పించాడు. మేం కూర్చున్నాం. అరగంట మాట్లాడాం. పని కూడా కొంతవరకు అయింది. బయటికి వచ్చి మెట్లు దిగుతుంటే అప్పుడు తట్టింది. అప్పు కావలసిన మనిషి ఆ అరగంటా మా వెనక గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. భుజం మీది తువ్వాలు చేతిలో నలిపేస్తూ. కూర్చోమని మేనేజరు అనలేదు. మేమూ అనలేదు. ఆ మాట చెబితే అతను నవ్వి, ‘మీకు బ్యాడ్జి ఉంది కదండీ’ అన్నాడు. ఎత్తిపొడుపు కాదది, మామూలుగానే అన్నాడు. అందుకే మరీ గుచ్చుకుంది.

ఆ రోజు నుంచి మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ ఆఫీసుకు వెళ్లినా, ఎవరి పని మీద వెళ్లామో ఆ మనిషి కూర్చున్నాకే మనం కూర్చోవాలి. కుర్చీలు చాలకపోతే అందరం నిలబడే మాట్లాడతాం. చిన్న సంగతే. చేసి చూడండి, లోపలి అధికారి తీరులో తేడా మీకే తెలుస్తుంది.

కాబట్టి ఈ ఏడాది అందరికీ ఒకే బ్యాడ్జి. జిల్లా అధ్యక్షుడికీ, నిన్న చేరిన సభ్యుడికీ ఒకే సైజు, ఒకే రంగు. పదవి పేరు ఉండదు. మహాసభలో ఎవరు ఓటు వేయాలో తెలియాలి కాబట్టి ప్రతినిధులకు కార్డు ఇస్తాం. అది జేబులో ఉంటుంది, చెయ్యి ఎత్తేటప్పుడు చూపిస్తారు. వేదిక మీది పువ్వు బ్యాడ్జీలు ఇక కుట్టించం. గేటు దగ్గర వాలంటీర్లు ఉంటారు, మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టడానికి. దీని మీద రాష్ట్ర కమిటీ వాళ్లు నవ్వినా ఫరవాలేదు.

బ్యాడ్జికి విడిగా పైసా వసూలు చేయకూడదు. సభ్యత్వ రసీదు రాసి, సంతకం చేసి, చేతికిచ్చి, అప్పుడు బ్యాడ్జి ఇవ్వండి. రసీదు లేకుండా బ్యాడ్జీలు పంచితే ధర్నా రోజున బాగానే కనిపిస్తాయి, మర్నాడు పొలంలో పడి ఉంటాయి. కిందటేడు ఒక ఊళ్లో ఎడ్ల కొమ్ములకు కట్టారు. ఎడ్లకు బాగానే ఉందనుకోండి.

రసీదు ఎవరి పేరున రాయాలి అన్నది అన్నిటికంటే ముఖ్యం. పాసు పుస్తకం జాబితా పక్కన పెట్టండి. ఈ సీజనులో ఏ చెక్క ఎవరు దున్నారు, ఎవరు నాటించారు, ఎవరి ఇంట్లో విత్తనం ఉంది అని ఊళ్లో అడుగుతూ పొండి. ఇంటికి ఒక సభ్యత్వం, అదీ మగవాడి పేరున అన్న అలవాటు మానండి. భార్యాభర్తలిద్దరూ చేస్తుంటే రెండు రసీదులు. భూమిని కౌలుకిచ్చి పట్నంలో ఉండే ఆసామి సభ్యత్వం అడిగితే చర్చించండి, తొందరపడి రాయకండి. ఈ రాసిన జాబితాకు ఇంకో ఉపయోగం ఉంది. అదే మన ఊరి సాగుదారుల జాబితా. దాన్ని గ్రామసభలో పెట్టి, కార్డులకు అర్జీలు పెట్టించి, యజమానులతో మనమే మాట్లాడాలి. ఒక్కరు వెళితే సంతకం పెట్టని ఆసామి పదిమంది వెళ్లి చట్టం చదివి వినిపిస్తే పెట్టిన ఊళ్లు ఉన్నాయి. పెట్టనివీ ఉన్నాయి.

బ్యాడ్జి పెట్టుకుని చేయకూడనివి కూడా చెప్పాలి. యూరియా వరసలో బ్యాడ్జి చూపించి ముందుకు పోవడం. రెండు చోట్ల జరిగిందని ఫిర్యాదు వచ్చింది. యార్డులో మన ధాన్యం కాంటా ముందు వేయించుకోవడం, తేమ శాతం మనకొకలా ఇతరులకొకలా చూపించుకోవడం. భార్యాభర్తల తగాదాల్లో, గట్టు తగాదాల్లో పంచాయితీ పెద్దలుగా కూర్చోవడం. బ్యాడ్జి పెట్టుకుని యార్డుకు వెళ్లిన రోజు మన బస్తా ఆఖర్న కాంటా ఎక్కాలి. ఆ సంగతి పక్కన నిలబడ్డ రైతు చూస్తాడు. సభ్యత్వం అక్కడ పెరుగుతుంది, మన కరపత్రాల వల్ల కాదు.

ఇక పెట్టె విప్పండి. ఊరి వారీగా కట్టలు కట్టి ఉన్నాయి, లెక్క చూసుకుని సంతకం పెట్టి తీసుకోండి. పిన్నీసులు కొన్ని వంకరగా వచ్చాయి, అవి విడిగా పెట్టండి, ప్రెస్సు వాళ్లకు తిరిగి ఇస్తాం.

మహాసభ నుంచి వెనుదిరిగి పోయిన ఆ అక్క ఊరికి వచ్చే ఆదివారం మేం వెళ్తున్నాం. క్షమాపణ చెప్పాలి, రసీదు రాయాలి. ఆమె ఇష్టపడితేనే రాస్తాం. ఆ ఊళ్లో కౌలుకు చేసే ఆడవాళ్లు ఇంకా పన్నెండు మంది ఉన్నారని తెలిసింది. ఆ మండలం మిత్రులు రాదలచుకుంటే ఉదయం ఏడున్నరకు బస్టాండు దగ్గర కలవండి. ఎనిమిది తర్వాత అయితే వాళ్లు కలుపుకు వెళ్లిపోతారు.